కొలత తప్పిన కొలను

కర్నూలు జిల్లాలో నాపరాళ్ల గనులున్న ఒక చిన్న పట్టణంలో, ఈతకొలను చూసుకునే మద్దిలేటి అనే మనిషి ఉండేవాడు. కష్టపడటంలో అతనికి వంక పెట్టలేం గానీ, దేన్నీ కొలిచి వేసే అలవాటు మాత్రం అతనికి లేదు.

ఆ కొలనును నాలుగేళ్ల క్రితం రాళ్ల వ్యాపారులంతా కలిసి కట్టించారు. అంతకుముందు ఆ ఊరి పిల్లలు వదిలేసిన క్వారీ గుంతల్లో నిలిచిన వాననీళ్లలో ఈత నేర్చుకునేవారు. ఏటా ఒకరో ఇద్దరో ఆ గుంతల్లో ప్రాణాలు పోగొట్టుకునేవారు. అందుకే కొలను వచ్చాక తల్లులందరూ ఊపిరి పీల్చుకున్నారు. అది పాతిక మీటర్ల పొడవుంటుంది. మూడున్నర లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. పైన కప్పు లేదు, పగలంతా ఎండ నేరుగా నీళ్ల మీదే పడుతుంది.

మద్దిలేటి తెల్లవారకముందే వచ్చేవాడు. వలతో ఆకులు తీసేవాడు. గోడలు బ్రష్షుతో రుద్దేవాడు. కాళ్లు కడుక్కునే చోట పాచి లేకుండా చూసేవాడు. నీళ్లలోకి దిగడానికి భయపడే పిల్లలను చెయ్యి పట్టుకొని మెట్ల మీద కూర్చోబెట్టి, కబుర్లు చెప్పి భయం పోగొట్టేవాడు. పిల్లలందరూ అతన్ని మామా అని పిలిచేవారు. అయితే మందులు వెయ్యవలసి వచ్చినప్పుడు మాత్రం కొలత గ్లాసు పక్కనపెట్టి, చేతికి వచ్చినంత తీసి చల్లేవాడు. ఎవరైనా అడిగితే, "ఇన్నేళ్ల చెయ్యి, దీనికి తెలీదా ఏంటి?" అనేవాడు.

కొలను తెరిచిన మొదటి ఎండాకాలంలోనే అతనికి ఒక చిక్కు వచ్చింది. నీళ్లలో క్రిములు చావడానికి పొద్దున్నే క్లోరిన్ వేసేవాడు. ఆ ప్రాంతపు ఎండ సంగతి తెలిసిందే. మధ్యాహ్నానికల్లా ఆ క్లోరిన్ ఎండకు విరిగిపోయేది. సాయంత్రం పిల్లలు దిగే వేళకు నీళ్లలో మందు మిగిలేది కాదు. కొలను కట్టిన ఇంజనీరు వచ్చి చూసి, ఒక తెల్లటి పొడి ఇచ్చాడు. దాన్ని స్టెబిలైజర్ అంటారని, అది క్లోరిన్‌ను పట్టుకొని ఎండ నుంచి కాపాడుతుందని చెప్పాడు. కొలిచి కొంచెమే వెయ్యమన్నాడు. నెలకోసారి అది నీళ్లలో ఎంత ఉందో చూసుకొమ్మని, అడుగున నల్లచుక్క ఉన్న ఒక సన్నటి గొట్టం, చిన్న సీసాడు మందు ఇచ్చి వెళ్లాడు.

మద్దిలేటి పొడి వేశాడు. ఆ రోజు సాయంత్రం నీళ్లు పరీక్షిస్తే, పొద్దున వేసిన క్లోరిన్ చాలావరకు అలాగే ఉంది. అతనికి ఆ పొడి మీద ఎక్కడలేని నమ్మకం కుదిరింది. కొంచెం వేస్తేనే ఇంత మేలు చేస్తే, ఇంకొంచెం వేస్తే ఇంకెంత మేలు చేస్తుందో అనుకున్నాడు. అప్పటినుంచి నెలకు నాలుగైదు దోసిళ్లు చల్లడం మొదలుపెట్టాడు. ఇంజనీరు ఇచ్చిన గొట్టాన్ని కాగితం కూడా విప్పకుండా బీరువాలో పెట్టాడు. మరుసటి ఏడాది నుంచి క్లోరిన్ బిళ్లలు తెప్పించాడు. ఆ బిళ్లల్లో కూడా అదే స్టెబిలైజర్ కలిపి ఉంటుందని డబ్బా మీద రాసి ఉంది. అతను డబ్బా మీద రాసింది చదవలేదు.

నాలుగేళ్లు ఏమీ కాలేదు. నీళ్లు తళతళా మెరిసేవి. ఊరందరూ అతన్ని మెచ్చుకునేవారు. మెచ్చుకునేకొద్దీ అతనికి తన చేతి మీద నమ్మకం పెరిగింది.

అయిదో ఎండాకాలం వచ్చింది. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. ఊళ్లో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. కొలనులో నీళ్లు ఆవిరై తగ్గిపోతే, తగ్గినంతవరకే పోసి సరిపెట్టేవాడు మద్దిలేటి. నీళ్లు ఖర్చవుతాయని ఫిల్టరు కడగడం కూడా తగ్గించాడు. మార్చి నెలాఖరుకు నీళ్ల మెరుపు పోయింది. బియ్యం కడిగిన నీళ్లలాగా లేత తెలుపు పట్టింది. గోడల మూలల్లో ఆకుపచ్చ పాచి సన్నగా కనిపించసాగింది. మద్దిలేటి రోజూ చేసే క్లోరిన్ పరీక్ష చేశాడు. క్లోరిన్ పరీక్షకు వాడే చిన్న సీసాలో నీళ్లు చక్కగా పసుపు రంగుకు తిరిగాయి. క్లోరిన్ కావలసినంత ఉందన్నమాట. అయినా అనుమానం తీరక ఇంకో నాలుగు బిళ్లలు వేశాడు. పాచిని బ్రష్షుతో రుద్దాడు. రెండు రోజులకు అది మళ్లీ వచ్చింది.

ఆ కొలనులో ఈత నేర్పేది అరుంధతి మేడం. ఆమె ఉన్నత పాఠశాలలో వ్యాయామ టీచరు. నెల రోజుల్లో జిల్లా ఈత పోటీలు ఉన్నాయి. అందులో మొదటి ఇద్దరిని రాష్ట్ర పోటీలకు తీసుకుంటారు. మేడం ఎనిమిదిమంది పిల్లలను తయారు చేస్తోంది. వాళ్లందరిలో చురుకైనది రేణుక. పదమూడేళ్ల పిల్ల. తండ్రి లేడు. తల్లి సుంకమ్మ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేది. రేణుక చిన్నప్పుడు క్వారీ గుంతలోనే ఈత నేర్చుకుంది. ఆ గుంతలో ఈదిన ధైర్యం వల్లనో ఏమో, నీళ్లలోకి దూకిందంటే మిగతావాళ్లు సగం దూరం చేరేసరికి ఆమె అవతలి గోడ ముట్టుకునేది.

ఒకరోజు పొద్దున రేణుక రెండు కళ్లూ ఎర్రగా వాచిపోయి వచ్చింది. మూడు రోజులకు మరో ఇద్దరికి కళ్లు ఎర్రబడ్డాయి. ఇంకొక పిల్లవాడికి చెవిపోటు మొదలైంది. తల్లిదండ్రులు ఆందోళనపడి కొలను దగ్గరికి వచ్చారు. అరుంధతి మేడం అందరి ముందే మద్దిలేటిని పిలిచి, నీళ్లు బాగున్నాయా అని అడిగింది. బాగున్నాయన్నాడు మద్దిలేటి.

"చెయ్యవలసిన పరీక్షలన్నీ చేశావా?" అని అడిగింది మేడం.

బీరువాలో కాగితం విప్పని గొట్టం ఒక్క క్షణం మద్దిలేటి మనసులో మెదిలింది. కానీ అంతమంది ముందు చెయ్యలేదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"అన్నీ చేశాను మేడం. నీళ్లలో తప్పేం లేదు" అన్నాడు.

నీళ్లలో తప్పు లేకపోతే తప్పు మనుషుల్లోనే ఉండాలి. మొదట కళ్లు ఎర్రబడింది రేణుకకు. ఆ పిల్ల ఇంకా క్వారీ గుంతల్లో దిగుతోందని, ఆ మురికి నీళ్ల రోగం తెచ్చి తమ పిల్లలకు అంటించిందని ఎవరో అన్నారు. ఆ మాట ఒకరి నోటినుంచి ఇంకొకరి నోటికి పాకింది. రేణుకను పంపించకపోతే తమ పిల్లలను మాన్పించేస్తామని నలుగురైదుగురు గట్టిగా పట్టుబట్టారు. మేడం ఎంత నచ్చజెప్పినా వినలేదు. చివరికి ఆమె రేణుకను పక్కకు పిలిచి, కొన్నాళ్లు రావద్దని చెప్పింది. ఆ పిల్ల తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకొని వెళ్లిపోయింది.

మరునాడు సుంకమ్మ పని మధ్యలో వచ్చింది. చీర మీద రాతిపొడి ఇంకా అలాగే ఉంది. ఆమె ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. నేరుగా మద్దిలేటి దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, మా పాప రెండేండ్ల నుంచి ఆ గుంత మొగం చూళ్లేదు. పొద్దున లేస్తే నీ కండ్ల ముందరే ఉంటాది కదా. నువ్వన్నా ఒక మాట చెప్పొచ్చు కదన్నా" అంది.

మద్దిలేటి తల వంచుకొని, చూద్దాంలే అమ్మా అన్నాడు. ఆమె ఫ్యాక్టరీ బెల్లు కొట్టే వేళయిందని వెళ్లిపోయింది. తను చెప్పింది పూర్తి నిజం కాదని మద్దిలేటికి తెలుసు. అయినా ఆ గొట్టానికీ ఈ కళ్ల ఎరుపుకూ సంబంధం ఏముంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

రేణుక రావడం మానేసి వారం గడిచింది. కళ్ల ఎరుపు మాత్రం మానలేదు. కొత్తగా మరో ముగ్గురికి వచ్చింది. రేణుక లేకపోయినా రోగం ఎలా వస్తోందని ఎవరూ ఆలోచించలేదు. ఆ పిల్ల అంటించి వెళ్లిందే ఇంకా తిరుగుతోంది అనుకున్నారు.

అప్పుడే గఫూర్ సార్ ఆదోనిలో కూతురి ఇంటినుంచి తిరిగి వచ్చాడు. ఆయన జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. మోకాళ్ల నొప్పులకు ఈత మంచిదని డాక్టరు చెప్పాక, రోజూ పొద్దున కొలనుకు వచ్చేవాడు. రెండు నెలల తర్వాత వచ్చిన ఆయనకు, రోజూ చూసేవాళ్లకు కనిపించనిది వెంటనే కనిపించింది. నీళ్లలో దిగకుండా గట్టు మీదే కూర్చొని, అడుగున ఉన్న నల్లగీతలను చూశాడు. అవి మసకగా ఉన్నాయి. మద్దిలేటిని పిలిచి, ఏం మందులు వేస్తున్నావని అడిగాడు. మద్దిలేటి బిళ్లల డబ్బా, పొడి డబ్బా తెచ్చి చూపించాడు. గఫూర్ సార్ కళ్లజోడు పైకి జరుపుకొని రెండు డబ్బాల మీద ఉన్నదంతా చదివాడు.

"స్టెబిలైజర్ ఎంత ఉందో ఎప్పుడైనా చూశావా మద్దిలేటీ?" అని అడిగాడు.

ఈసారి అడిగింది ఒక్క మనిషి. చుట్టూ ఎవరూ లేరు. అబద్ధం చెప్పవలసిన అవసరం కనిపించలేదు.

"లేదు సార్. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చూళ్లేదు" అన్నాడు మద్దిలేటి.

బీరువాలోంచి గొట్టం బయటికి వచ్చింది. దానితో ఇచ్చిన మందు పాతబడిపోయిందని, గఫూర్ సార్ కర్నూలులో తెలిసినవాళ్లకు ఫోను చేసి కొత్త సీసా తెప్పించాడు. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. కొలను నీళ్లలో ఆ మందు కలిపితే, స్టెబిలైజర్ ఎంత ఉంటే నీళ్లు అంత పాలలాగా తెల్లబడతాయి. ఆ తెల్లటి నీళ్లను గొట్టంలో కొంచెం కొంచెంగా పోస్తూ పైనుంచి చూడాలి. అడుగున ఉన్న నల్లచుక్క ఎక్కడ కనిపించకుండా పోతే అక్కడ ఆపి, గొట్టం మీద ఉన్న అంకె చదవాలి. గొట్టం చాలావరకు నిండాక చుక్క మాయమైతే స్టెబిలైజర్ తగుమాత్రంగా ఉన్నట్టు. తొందరగా మాయమైతే ఎక్కువ ఉన్నట్టు.

మద్దిలేటి పోశాడు. రెండు వేళ్ల ఎత్తు కూడా రాకముందే చుక్క మాయమైంది. గొట్టం మీద అంకెలు పైకి పోయేకొద్దీ తగ్గుతాయి, అన్నిటికన్నా కింద ఉన్న అంకె నూరు. నీళ్లు ఆ గీత దాకా కూడా రాలేదు. గఫూర్ సార్ కొలను నీళ్లలో సగానికి సగం మంచినీళ్లు కలిపి మళ్లీ చేయించాడు. మళ్లీ అంతే. ఒక వంతు కొలను నీళ్లకు మూడు వంతులు మంచినీళ్లు కలిపితే అప్పుడు చుక్క యాభై అయిదు దగ్గర పోయింది. దాన్ని నాలుగుతో గుణించి, రెండువందల ఇరవై అన్నాడు గఫూర్ సార్. ఉండవలసింది ముప్పైకీ యాభైకీ మధ్య.

మద్దిలేటికి ఆ లెక్క అర్థమైంది గానీ, దాని వల్ల కీడేమిటో అర్థం కాలేదు. క్లోరిన్ పరీక్షలో పసుపు రంగు బాగానే వస్తోంది కదా అన్నాడు.

గఫూర్ సార్ ఓపికగా చెప్పాడు. స్టెబిలైజర్ కొంచెం ఉంటే క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడుతుంది. ఎక్కువైతే దాన్ని వదలకుండా గట్టిగా పట్టేసుకుంటుంది. అప్పుడు క్లోరిన్ నీళ్లలో ఉంటుంది, పరీక్షలో రంగు కూడా చూపిస్తుంది, కానీ క్రిములను చంపడానికి దానికి వీలు దొరకదు.

"కాపలా కాసేవాడికి ఎండ తగలకుండా గొడుగు పట్టమన్నారు. నువ్వు వాడి చేతులు కూడా కట్టేశావు" అన్నాడు.

అయితే దాన్ని తగ్గించే మందు ఏదైనా వేద్దామన్నాడు మద్దిలేటి. గఫూర్ సార్ తల అడ్డంగా ఊపాడు. పొయ్యి మీద చారు మరిగితే నీళ్లు పోతాయి గానీ ఉప్పు పోదని, ఇది కూడా అంతేనని చెప్పాడు. నాలుగేళ్లుగా నీళ్లు ఆవిరవుతూ వచ్చాయి, పొడి మాత్రం కొలనులోనే పోగుపడుతూ వచ్చింది. మిగిలిన దారి ఒక్కటే. అయిదు వంతుల్లో నాలుగు వంతుల నీళ్లు తీసేసి, కొత్త నీళ్లు పొయ్యాలి.

మద్దిలేటి మనసులో లెక్క వేసుకున్నాడు. దాదాపు మూడు లక్షల లీటర్లు. ఊళ్లో బిందెడు నీళ్ల కోసం ఆడవాళ్లు వరుసల్లో నిలబడుతున్న రోజులు. అన్ని నీళ్లు తీసి పారబోస్తామంటే కొలను కట్టించిన వ్యాపారుల కమిటీ ఒప్పుకుంటుందా? ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? గఫూర్ సార్ లేచి చెప్పులు వేసుకుంటూ, కమిటీకి తను కూడా వచ్చి శాస్త్రం చెబుతానని, కానీ ఎవరు ఏం చేశారన్నది తను చెప్పనని అన్నాడు. అది మద్దిలేటి ఇష్టానికే వదిలేశాడు.

ఆదివారం సాయంత్రం కొలను దగ్గరే కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద రామలింగశెట్టి, వ్యాపారులు, మేడం, పిల్లల తల్లిదండ్రులు అందరూ వచ్చారు. మద్దిలేటి దారిలోనే ఒక మాట సిద్ధం చేసుకున్నాడు. అడుగున టైల్స్ ఊడుతున్నాయి, అతికించాలంటే నీళ్లు తియ్యక తప్పదు అని చెబుదామనుకున్నాడు. ఆ మాటతో నీళ్లూ మారతాయి, తన పేరూ పోదు. ఎవరికీ నష్టం లేదు అనుకున్నాడు.

అతని వంతు రాకముందే మేడం లేచింది. ఆమె చేతిలో పోటీలకు పంపవలసిన పిల్లల పట్టిక ఉంది. పేర్లు రేపటిలోగా పంపాలని, రేణుక పేరు తీసెయ్యమని కొందరు అడుగుతున్నారని, తనకు మనసు ఒప్పడం లేదని చెప్పింది. ఒక తండ్రి లేచి, రోగం తెచ్చిన పిల్లను మిగతా పిల్లలతో ఒకే బస్సులో ఎలా పంపిస్తారని అడిగాడు. ఇద్దరు ముగ్గురు అవునన్నారు. వెనక గోడకు ఆనుకొని సుంకమ్మ నిలబడి ఉంది. మేడం బరువుగా నిట్టూర్చి పెన్ను మూత తీసింది.

ఎవరికీ నష్టం లేదన్న మాట అబద్ధమని మద్దిలేటికి అప్పుడు తెలిసింది. నీళ్లు మారినా ఆ పిల్ల మీద పడిన మాట మారదు. టైల్స్ సంగతి అతని నోట్లోనే ఆగిపోయింది. లేచి నిలబడ్డాడు.

"మేడం, ఆ పేరు కొట్టెయ్యొద్దు. ఆ పిల్ల ఏ రోగమూ తేలేదు. రోగం నా చేతిలోంచి వచ్చింది" అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు. మద్దిలేటి జరిగినదంతా చెప్పాడు. దోసిళ్లతో పొడి చల్లడం, డబ్బా మీద చదవకపోవడం, గొట్టం విప్పకపోవడం, అన్ని పరీక్షలూ చేశానని అందరి ముందు అబద్ధం చెప్పడం, ఏదీ దాచలేదు. చివరికి సుంకమ్మ వైపు తిరిగి, నువ్వు వచ్చి అడిగిన రోజే ఈ మాట చెప్పవలసింది తల్లీ, చెప్పలేకపోయాను అన్నాడు.

రామలింగశెట్టికి కోపం వచ్చింది. ఇలాంటి మనిషి చేతిలో పిల్లల ప్రాణాలు పెట్టామా, రేపే ఇంకొకరిని చూడాలి అన్నాడు. ఇందాక లేచిన తండ్రి కూడా అదే అన్నాడు. గఫూర్ సార్ లేచి నీళ్ల సంగతి వివరించాడు. కొత్త మనిషిని పెట్టుకున్నా నీళ్లు మార్చక తప్పదని చెప్పాడు. అప్పుడు అరుంధతి మేడం మాట్లాడింది. మద్దిలేటి నోరు విప్పకపోతే ఇవాళ మనమందరం కలిసి ఒక పిల్లకు అన్యాయం చేసేవాళ్లమని, ఆ తప్పులో తనకూ భాగముందని, ముందు నీళ్ల సంగతి చూసి తర్వాత మనిషి సంగతి చూద్దామని అంది. కానీ ఈ కరువులో మూడు లక్షల లీటర్ల మంచినీళ్లు ఎక్కడినుంచి వస్తాయని ఇంకొకరు అడిగారు. కొలను ఈ ఏడాదికి మూసెయ్యడమే మేలని ఒక వ్యాపారి అన్నాడు.

అప్పుడు సుంకమ్మ గోడ వదిలి ముందుకు వచ్చింది.

"మా ఫ్యాక్టరీల్లో రాయి కోసే మిషన్లకు నీళ్లు పడతా ఉండాల. లేకుంటే బ్లేడు కాలిపోతాది. దినామూ ట్యాంకర్లతో మంచినీళ్లు తెచ్చి రాళ్ల మీద పోస్తున్నారు. రాయికి మంచినీళ్లెందుకు సార్? ఈ నీళ్లు అక్కడ పొయ్యండి. ఆ నీళ్లు ఇక్కడ పొయ్యండి" అంది.

ఇంత తేలిక దారి అంతమంది వ్యాపారుల్లో ఒక్కరికీ తోచలేదు. రామలింగశెట్టి గఫూర్ సార్ వైపు చూశాడు. ఈ నీళ్లు తాగడానికీ మొక్కలకూ పనికిరావు గానీ, రాయి కొయ్యడానికి ఇబ్బందేమీ లేదన్నాడు ఆయన. అక్కడున్న వ్యాపారుల్లో ఆరుగురికి ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఒకరి తర్వాత ఒకరు సరేనన్నారు. ఊరి నీళ్లలో ఒక్క చుక్క కూడా అదనంగా ఖర్చు కాకుండా పని జరిగే దారి దొరికింది.

మర్నాడు పొద్దుననుంచే ట్యాంకర్లు రావడం మొదలుపెట్టాయి. పన్నెండు కిలోమీటర్ల దూరంలోని బావినుంచి ఫ్యాక్టరీలకు నీళ్లు తెచ్చే ట్యాంకర్లే అవి, ముందు వాటిలోకి పాత నీళ్లు తోడారు. నీళ్లు దిగుతుంటే గోడల మీద పాచి, నాలుగేళ్ల తెల్లటి చారలు బయటపడ్డాయి. మద్దిలేటి మోకాళ్ల దాకా నీళ్లలో దిగి గోడలన్నీ రుద్దాడు. రెండో రోజు మేడం, తల్లిదండ్రులు కొందరు బ్రష్షులు పట్టుకొని వచ్చారు. రేణుకను బస్సులో ఎలా పంపిస్తారన్న తండ్రి కూడా వాళ్లలో ఉన్నాడు. మూడో రోజు అతను సుంకమ్మ ఇంటికి వెళ్లి, తొందరపడి మాట అన్నానమ్మా అని చెప్పి వచ్చాడట. యాభై ఆరు ట్యాంకర్లు పాత నీళ్లు తీసుకుపోయి, యాభై ఆరు ట్యాంకర్లు కొత్త నీళ్లు తెచ్చేసరికి వారం పట్టింది.

ఈసారి మద్దిలేటి బిళ్లలు వెయ్యలేదు. స్టెబిలైజర్ కలపని క్లోరిన్ నీళ్లు తెప్పించి, కొలత గ్లాసుతో కొలిచి పోశాడు. పొడి అసలు వెయ్యలేదు. పాత నీళ్లతో మిగిలిందే చాలింది. గఫూర్ సార్ చూస్తుండగా పరీక్ష చేశాడు. నలభై నాలుగు వచ్చింది. ఆ అంకెను గేటు పక్కన ఒక నల్లబల్ల మీద, వచ్చేవాళ్లందరికీ కనిపించేలా సుద్దముక్కతో రాశాడు. రాయమని అతనికి ఎవరూ చెప్పలేదు. అది చూసిన తర్వాత రామలింగశెట్టి వేరే మనిషిని వెతకడం మానేశాడు.

రేణుక తిరిగి వచ్చింది. కళ్లు నయమయ్యాయి. మిగతా పిల్లల కళ్లు కూడా పది రోజుల్లో తేటపడ్డాయి. కానీ పోటీలకు ముందు ఆమెకు దక్కిన సాధన నాలుగు రోజులే. జిల్లా పోటీల్లో ఆమె మూడో స్థానంలో వచ్చింది. ఇద్దరినే తీసుకున్నారు. మొదటి రెండు స్థానాలవాళ్లకూ ఆమెకూ తేడా చాలా కొంచెం. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పిల్లలకు తోడుగా వెళ్లిన మద్దిలేటి వెనక సీట్లో ఉన్నాడు. చాలా దూరం వచ్చాక అతను, నావల్లే కదమ్మా అన్నాడు.

రేణుక కాదనలేదు. "అవును మామా" అంది. తర్వాత, "రేపటినుంచి పొద్దున అయిదింటికే గేటు తీస్తావా?" అని అడిగింది.

ఆ మాట మద్దిలేటి జీవితంలో విన్న మాటలన్నిటిలోకీ చల్లటిది. తీస్తానన్నాడు. ఆ ఏడాది పొడుగునా, వానాకాలం ముసురులో కూడా, అయిదింటికి గేటు తెరిచి ఉండేది. రేణుక వచ్చే వేళకు నీళ్లు పరీక్షించి, బల్ల మీద అంకెలు రాసి, గడియారం పట్టుకొని గట్టు మీద నిలబడి ఉండేవాడు. మరుసటి వేసవిలో రేణుక జిల్లాలో మొదటి స్థానంలో వచ్చి, రాష్ట్ర పోటీలకు వెళ్లింది. స్టేషన్‌కు సాగనంపడానికి వచ్చినవాళ్లలో ఏడాది కింద ఆమెను పంపించెయ్యమన్న తల్లిదండ్రులు కూడా ఉన్నారు.

ఇప్పటికీ ఆ కొలనులో ప్రతి వేసవికి కొత్త పిల్లలు చేరతారు. మొదటి రోజు ఎవరినీ నీళ్లలో దించకముందు, మద్దిలేటి వాళ్లను గట్టు మీద వరుసగా కూర్చోబెట్టి, తను చేసిన తప్పును తన నోటితోనే చెబుతాడు. సిగ్గుగా లేదా అని ఒకసారి ఒక చిన్నపిల్ల అడిగింది. చెప్పకుండా దాచినప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు అన్నాడు.

పిల్లలూ, ఇందులోని నీతి ఇది: ఎంత మేలు చేసేదైనా కొలత దాటితే కీడే చేస్తుంది, కాబట్టి కొలిచి చూసుకోవాలి; కొలత తప్పినప్పుడు ఆ తప్పు ఇంకొకరి మీద పడకముందే మనది మనం ఒప్పుకోవాలి, ఎందుకంటే ఒప్పుకున్న తప్పునే దిద్దుకోగలం.